పసిఫిక్ శిల్ప శిరోమణి

సువా రేవులో పెద్ద ఓడ ఆగిన రోజున ఇనోకే పెందలాడే స్నానం చేసి, ఇస్త్రీ మడత నలగని పూలచొక్కా తొడుక్కుని, చంకలో అరడజను చెక్కకత్తులు పెట్టుకుని పోస్టాఫీసు ఎదుట నిలబడేవాడు. ముప్ఫై ఏళ్ళుగా అదే చోటు. ఓడ దిగిన దొరో దొరసానో అటుగా రాగానే చెయ్యి చాచి, "బులా, బులా. ఫిజీకి మొదటిసారా? నీ పేరేంటి నేస్తం?" అని అడిగేవాడు. ఆ నవ్వు చూశాక పేరు చెప్పకుండా ఉండడం ఎవరి వల్లా అయ్యేది కాదు. అవతలివాడు 'గ్రెగరీ' అని నోరు మూసేలోపల ఇనోకే చాకు కత్తి మీద సగం పేరు చెక్కేసి ఉండేది.

ఆ తర్వాత వద్దని ఎంత మొత్తుకున్నా లాభం లేదు.

"నీ పేరు చెక్కేశాను కదయ్యా. ఇంకో గ్రెగరీ ఎప్పుడొస్తాడో ఏమో. ఈ కత్తి నేనెవరికి అమ్ముకోను?" అని ఇనోకే మొహం వేలాడేసేవాడు. ఈలోగా తోటి కత్తులవాళ్ళు ఇద్దరు, తాటిచెట్లలాంటి మనుషులు, ఏమీ మాట్లాడకుండా వచ్చి గ్రెగరీకి చెరో పక్కన నిలబడేవారు. అందులో సానుభూతి తప్ప బెదిరింపు లేదని ఇనోకే బైబిలు మీద ఒట్టేసి చెప్పగలడు.

కత్తి 'వేసి' చేవతో చేసిందనీ, వేసి మాను ఇనుముతో సమానమనీ, తాతల నాటి యుద్ధాల్లో వాడినదనీ చెప్పేవాడు. నిజానికది గోరుతో గిల్లితే లేచొచ్చే తెల్లచెక్క. దానికి నల్ల బూటు పాలిష్ రెండు పూతలు పట్టించి, ఎండలో పెట్టి, పాతగుడ్డతో రుద్దితే తాతల నాటిది అయిపోయేది. ఇది మోసమని ఇనోకే ఏనాడూ అనుకోలేదు. డబ్బు పుచ్చుకుని ఏమీ ఇవ్వకపోతే మోసం. తను కత్తి ఇస్తున్నాడు. పైగా పేరు ఊరికే చెక్కిపెడుతున్నాడు.

ఇనోకేకి ఇంకో గొప్పదనం ఉంది. గొంతు. ఆదివారం గుడిలో అతను మంద్రస్థాయిలో అందుకుంటే బెంచీలు అదిరేవి. అందుకే సిడ్నీలో ఉన్న ఫిజీవాళ్ళ గుడులన్నీ కలిసి పాటల పండుగ పెట్టి సువా నుంచి ఒక బృందాన్ని పిలిచినప్పుడు, పద్నాలుగు మందిలో ఇనోకే పేరూ, అతని భార్య కెలెరా పేరూ చేరాయి. కెలెరా సువా మార్కెట్లో దాలో దుంపలు అమ్మేది. ఆమె ముందు తూకం తప్పినవాడు మళ్ళీ ఆ వరసలో బండి పెట్టేవాడు కాదు.

బృందంలో ఎవరూ అంతకుముందు దేశం దాటి ఎరగరు. పరాయి దేశంలో వీధుల్లో ఎలాంటి మాయగాళ్ళు ఉంటారో ఏమోనని అందరికీ ఒకటే బెంగ. పాస్టరు ఎపేలి గారు బాగా ఆలోచించి, ప్రయాణానికి ముందు ఆదివారం ఇనోకేని పిలిచి నిలబెట్టారు.

"ఈ విషయంలో మన ఇనోకేకి ముప్ఫై ఏళ్ళ అనుభవం ఉంది," అన్నారు. ఆ అనుభవం ఏ వైపు నుంచి వచ్చిందో వివరించలేదు. ఎవరూ అడగలేదు.

ఇనోకే గొంతు సవరించుకున్నాడు. "మూడే మూడు మాటలు గుర్తు పెట్టుకోండి. ఒకటి, ఎవడడిగినా పేరు చెప్పకండి. పేరు చెప్పామంటే సగం మునిగినట్టే. రెండు, చెయ్యి చాచకండి. చేతిలో ఏదన్నా పెట్టాడంటే తిరిగి తీసుకోడు. మూడు, ఊరికే ఇస్తానన్నవాడి మొహం చూడకుండా నడిచిపోండి. ఊరికే వచ్చేదానికున్నంత ఖరీదు ఈ లోకంలో దేనికీ లేదు."

సభ తలూపింది. డెబ్భై ఏళ్ళ ఉనైసి అనే ముసలమ్మ చెయ్యెత్తింది. "మరి బులా అన్నా అనొచ్చా, నాయనా?"

"అనొచ్చు పెద్దమ్మా. ఆగకుండా అనాలి."

సిడ్నీ విమానాశ్రయంలో గాజుకిటికీ వెనక కూర్చున్న అమ్మాయి ఇనోకే పాస్‌పోర్టు తిరగేసి, "మీ పేరు చెప్పండి," అంది.

"అందులో ఉంది కదమ్మా."

"మీ నోటితో చెప్పండి."

ఇనోకే ఆమె రెండో చేతి వంక చూశాడు. ఆ చేతిలో పెన్ను ఉంది. "ముందు ఆ పెన్ను కింద పెట్టు, చెప్తాను," అన్నాడు.

అతన్ని పక్కగదిలో గంటన్నర కూర్చోబెట్టారు. సామానంతా విప్పి చాపలూ, కొబ్బరినూనె సీసాలూ బల్ల మీద పరిచారు. బయట పదమూడు మంది నిలువుకాళ్ళ మీద నిలబడ్డారు. బయటికొచ్చాక ఇనోకే మొహంలో మాత్రం గెలుపే ఉంది. "చూశారా," అన్నాడు, "గంటన్నర పట్టింది వాళ్ళకి నా దగ్గర పేరు లాగడానికి."

పాటల పండుగ జరిగే హాలు సిడ్నీ శివారు లివర్‌పూల్ వైపు ఉంది. గుమ్మంలో ఒకమ్మ అందరి చొక్కాల మీదా పేర్లు రాసిన కాగితాలు అంటిస్తోంది. అందరూ చెప్పేశారు. ఇనోకే క్షణం తటపటాయించి, "సైరుసి," అన్నాడు.

కెలెరా మొగుడి వైపు తిరిగింది. సైరుసి ఆమె తమ్ముడు. సువాలో యంగోనా మత్తుపానీయం తాగే చాప మీద పొద్దున కూర్చున్నవాణ్ణి సాయంత్రం ఎవరో ఒకరు చెయ్యి పట్టుకుని లేపాలి. ఆ చెయ్యి యంగోనా చిప్ప తప్ప ఇంకో పనిముట్టు పట్టుకోగా ఎవరూ చూడలేదు.

"వాడి పేరెందుకు చెప్పావయ్యా?"

"పోతే వాడి పేరు పోతుంది," అన్నాడు ఇనోకే.

మర్నాడు వాళ్ళకి బస ఇచ్చినాయన భార్యాభర్తలిద్దర్నీ కాఫీకొట్టుకి తీసుకెళ్ళాడు. ఆయన డబ్బులు ఇచ్చి ఫోను మాట్లాడుకుంటూ బయటికెళ్ళాడు. కొట్టులో పిల్ల కాగితం కప్పు ఒకటి చేతిలోకి తీసుకుని, నల్ల పెన్ను మూత నోటితో ఊడదీసి, "పేరండీ?" అంది.

ఇనోకే కెలెరా మోచెయ్యి పట్టుకుని వెనక్కి లాగాడు. "చెప్పకు. కప్పు మీద రాస్తోంది. రాసిందంటే అది మనదే, ఇంక వద్దన్నా వినదు."

"డబ్బులు ఆయన ఎప్పుడో ఇచ్చేశాడు కదయ్యా."

ఇనోకే ఆగిపోయాడు. ఆ పిల్ల వంకా, కప్పుల వరస వంకా, వాటి మీది పేర్ల వంకా చూశాడు. అతని మొహంలో భయం పోయి గౌరవం వచ్చింది. "ముందు డబ్బులు, తర్వాత పేరు," అన్నాడు నెమ్మదిగా. "ముప్ఫై ఏళ్ళు మనం తిరగేసి చేశామే."

ఆ వారమంతా అలాగే నడిచింది. దారి తప్పినప్పుడు, ఇంటి దాకా దిగబెడతానన్న బస్సు డ్రైవరు పేరడిగాడని ఇనోకే మధ్యలో దిగి నాలుగు మైళ్ళు నడిచాడు. ఫిజీ తుఫాను బాధితుల చందా కోసం రోడ్డు మీద నిలబడ్డ కుర్రది బులా అంటే, చేతులు వెనక్కి కట్టుకుని ఆగకుండా బులా అన్నాడు. హార్బరు ఒడ్డున కాషాయం గుడ్డ కట్టినవాడొకడు అతని మణికట్టుకి పూసలదండ తగిలించి దక్షిణ అడిగితే, ఇనోకే దండ విప్పి వాడి చేతికే తగిలించి, "పేరడగలేదేం? పేరడక్కుండా దండ వేస్తే ఎవడాగుతాడు? పైగా ఆ బూట్లు సన్యాసికి మరీ కొత్తగా ఉన్నాయి," అని మందలించి వచ్చాడు. బృందంలో అతని పరపతి గంటగంటకీ పెరిగింది. ఉనైసి పెద్దమ్మ అతని చొక్కా పట్టుకుని కానీ రోడ్డు దాటేది కాదు.

నాలుగో రోజు సాయంత్రం పాటలయ్యాక, పళ్ళెంలో కర్రపెండలం, కొబ్బరిపాల చేప పెట్టుకుని ఇనోకే హాల్లో ఒక మూల కూర్చున్నాడు. బూడిదరంగు కోటు, దాని కింద అదే రంగు సులు పంచె కట్టుకున్న మనిషొకడు వచ్చి పక్కన కూర్చున్నాడు. నలభై ఐదేళ్ళుంటాయి. తళతళలాడే బూట్లు.

"నీ పాటలో కందావు దీవి యాస ఉంది," అన్నాడు. "మా అమ్మది కందావే. అంటే నువ్వు నాకు బావ వరస."

ఇనోకే పళ్ళెం కొంచెం దూరం జరిపాడు. "అయితే?"

"అయితే ఏముంది బావా, ఆ చేప ముల్లు తీసుకుని తిను. నా పేరు సకియుసా." అతను ఇనోకే పేరు అడగలేదు. చొక్కా మీది కాగితం వంక ఒకసారి చూశాడంతే. చెయ్యి చాచలేదు. ఏమీ ఇవ్వలేదు. ఇనోకే చేతి వంక మాత్రం చాలాసేపు చూశాడు. "ఈ బొటనవేలు చాకు పట్టిన వేలు. ఇరవై ఏళ్ళా?"

"ముప్ఫై," అన్నాడు ఇనోకే. అనకుండా ఉండలేకపోయాడు.

ముప్ఫై ఏళ్ళలో వేలమంది అతని నవ్వు చూశారు, కత్తి చూశారు, తప్పించుకునే దారి ఎటుందో చూశారు. చెయ్యి చూసినవాడు ఒక్కడు లేడు.

సకియుసా నిట్టూర్చాడు. "మన జాతి దౌర్భాగ్యం అదే బావా. తెల్లవాడు రాయి చెక్కితే శిల్పి. మనవాడు కొయ్య చెక్కితే రోడ్డు పక్క బేరగాడు." పోతూ పోతూ, తను పసిఫిక్ సంస్కృతీ గౌరవ మండలికి కార్యదర్శిననీ, ఏటా అర్హులైన నలుగురైదుగురికి బిరుదులిస్తామనీ, అయినా ఈ ఏడాది జాబితా అయిపోయిందనీ చెప్పాడు.

జాబితా అయిపోయిందన్న మాట దగ్గర ఇనోకేకి చేప సయించలేదు.

మర్నాడు మధ్యాహ్నం సకియుసా నల్లటి పలక ఒకటి పాతగుడ్డలో చుట్టి తెచ్చాడు. మండలివాళ్ళతో రాత్రంతా పోట్లాడి ఒక బిరుదు సంపాదించాడట. గుడ్డ విప్పాడు. నిగనిగలాడే నల్లచేవ మీద బంగారు అక్షరాలు. 'పసిఫిక్ శిల్ప శిరోమణి సైరుసి.'

"ఫలకం ఉచితం. చెక్కుడు ఖర్చు మాత్రం నూట ఎనభై డాలర్లు, అది మండలి నియమం," అన్నాడు సకియుసా. "నీకు వద్దనిపిస్తే చెప్పు, నొచ్చుకోను. కానీ పేరు చెక్కేశారు బావా. ఇంకో సైరుసిని నేనెక్కణ్ణుంచి తెచ్చేది?"

ఈ మాట ఎక్కడో విన్నట్టుందే అని ఇనోకేకి లీలగా అనిపించింది. అయితే అప్పటికే కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. పిల్లల బట్టల కోసం దాచిన డబ్బు పంచె మడత విప్పి ఇచ్చేశాడు.

అక్కడితో ఆగినా బాగుండేది. ఇంత గొప్పమనిషి తనొక్కడికే ఉపయోగపడడం స్వార్థమనిపించి, ఇనోకే స్వయంగా సకియుసాని వెంటబెట్టుకుని బృందంలో అందరికీ పరిచయం చేశాడు. వీధిలో పులిలా కాపలా కాసినవాడు తెచ్చిన మనిషి కాబట్టి ఎవరూ మారు మాట్లాడలేదు. రెండు రోజుల్లో పాస్టరు ఎపేలి గారు 'పసిఫిక్ ఆత్మల కాపరి' అయ్యారు. ఉనైసి పెద్దమ్మ 'మహాసముద్ర స్వర్ణకంఠం' అయింది. తక్కినవాళ్ళలో గానరత్నలు ముగ్గురు, సేవాభూషణలు నలుగురు, మిగిలినవాళ్ళు తలా ఒక జ్యోతి.

కెలెరాకి 'వ్యవసాయ మాత' ఇస్తానన్నాడు.

"నేను దుంపలు పండించను నాయనా, కొని అమ్ముతాను," అంది కెలెరా.

"అయితే వాణిజ్య మాత అందాం అక్కా."

"నా ముగ్గురు పిల్లలు అమ్మా అంటే చాలు. నువ్వు వెళ్ళిరా."

శనివారం సాయంత్రం హాల్లో సన్మానం. మైకులో "శిల్ప శిరోమణి సైరుసి" అని మూడుసార్లు పిలిచారు. మూడోసారి కెలెరా మోచేత్తో పొడిస్తే ఇనోకే ఉలిక్కిపడి లేచాడు.

"సైరుసి ఎవరు?" అన్నారు పాస్టరు గారు, తన ఫలకాన్ని గుండెకి హత్తుకునే.

"అది నా చాకు పేరు పాస్టరు గారూ," అన్నాడు ఇనోకే. "రాసేవాళ్ళకి కలం పేరు ఉంటుంది చూడండి, అలా."

ఉనైసి పెద్దమ్మ తన పలక ఒళ్ళో పెట్టుకుని అక్షరాల మీద వేలు నడుపుతూ కూర్చుంది. చదవడం రాదు. ఏది 'ఉ' అని పక్కనున్న పిల్లనడిగి తెలుసుకుని, ఆ ఒక్క అక్షరాన్నీ మళ్ళీ మళ్ళీ తడిమింది.

ఆదివారం పొద్దున ఇనోకే బస ఇంటి పెరట్లో మెట్టు మీద కూర్చున్నాడు. బావమరిది పేరుతో ఇంటికెళ్ళడం అతనికి మింగుడుపడలేదు. బిరుదు తనది, పేరు వాడిది. ఆ పేరు గీకేసి తన పేరు తనే చెక్కుకుందామని వంటింట్లోంచి కూరగాయల చాకు తెచ్చాడు. అంతకంటే సులువైన పని ముప్ఫై ఏళ్ళలో చెయ్యలేదు.

చాకు ఆనించగానే తెలిసిపోయింది. చెక్కకి నరం ఉంటుంది. చాకు వెళ్తుంటే ఒకవైపు లొంగుతుంది, ఒకవైపు ఎదురు తిరుగుతుంది. ఇది ఎటూ తిరగలేదు. బిస్కెట్టులా పొడి రాలింది. పైన కాగితం తోలు, లోపల జిగురుతో నొక్కిన రంపప్పొట్టు. ఇనోకే పలకని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. నల్ల బూటు పాలిష్. రెండు పూతలు.

కెలెరా బట్టలు ఆరేసి వచ్చేసరికి అతను అలాగే పలకని మొహానికి ఆనించుకుని కూర్చున్నాడు.

"ఏమైందయ్యా?"

"ఎండలో సరిగ్గా ఆరబెట్టలేదే," అన్నాడు ఇనోకే. "మనమైతే రెండు రోజులు ఆరబెడతాం."

ఆమె పలక అందుకుని, రాలిన పొడిని చూసి, పక్కన కూర్చుంది. తిడుతుందనుకున్నాడు. తిట్టలేదు. "ఆ గ్రెగరీలందరూ ఓడెక్కాక ఎప్పుడో ఒకప్పుడు గోరుతో గిల్లి చూసే ఉంటారు కదా," అంది మామూలుగా. అంతకంటే తిట్టినా బాగుండుననిపించింది ఇనోకేకి.

సకియుసా హాలు వెనక కారు డిక్కీలో పెట్టెలు సర్దుతూ దొరికాడు. ఇనోకే గీకిన పలక చూపించాడు. సకియుసా తడబడలేదు.

"నీకు తెలిసిపోతుందని నాకు తెలుసు బావా. నీ చెయ్యి చూసినప్పుడే అనుకున్నాను, వీడికి అమ్మడం కష్టమని. నువ్వే అందరికన్నా ముందు కొన్నావు."

"నా సంగతి సరే. ఆ ముసలమ్మ దగ్గర కూడా తీసుకున్నావు."

"తీసుకున్నాను. నువ్వే తీసుకొచ్చి చూపించావు." సకియుసా డిక్కీ మూసి దాని మీద కూర్చున్నాడు. "నేనొక మాట అడుగుతాను, నిజం చెప్పు. నీ కత్తి కొన్నవాడు ఎలా వెళ్తాడు? తిట్టుకుంటూ ఓడెక్కుతాడు. నా పలక కొన్నవాడు ఏడుస్తూ నన్ను కౌగిలించుకుంటాడు. నీ పాస్టరు నిన్న నా నెత్తి మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశాడు. ఇద్దరిలో మోసగాడెవడు?"

ఇనోకే పలకని చంకలోకి జరుపుకున్నాడు. సకియుసాయే మళ్ళీ అందుకున్నాడు.

"డబ్బులు తిరిగిస్తాను, పట్టుకెళ్ళు. పద్నాలుగు మందికీ..."

"పదమూడు."

"అవును, మా అక్క తీసుకోలేదు. పదమూడు మందికీ ఇస్తాను. నువ్వెళ్ళి వాళ్ళ దగ్గర పలకలు వెనక్కి పట్టుకురా. ఒక్కటి తెచ్చినా సరే, అందరి డబ్బూ ఇచ్చేస్తాను. నేనిక్కడే ఉంటాను."

మధ్యాహ్నం లోవో గుంత తవ్వి, కాలిన రాళ్ళ మీంచి ఆకుల పొట్లాలు తీసి అందరూ తింటున్నప్పుడు ఇనోకే లేచి నిలబడ్డాడు. దాచకుండా చెప్పాడు. పలకలు చెక్క కాదన్నాడు, పొట్టన్నాడు, గీకిన చోటు చూపించాడు. మండలీ గిండలీ లేదన్నాడు. తను సువాలో అమ్మే కత్తులు కూడా వేసి చేవ కాదనీ, ఈ పాలిష్ వాసన తనకంటే బాగా ఎవరికీ తెలియదనీ అన్నాడు. పలకలిచ్చేస్తే డబ్బులు వస్తాయన్నాడు.

ఎవరూ కదల్లేదు. ఒక గానరత్న తన సంచీ మెల్లగా కాళ్ళ కిందికి లాక్కుంది.

పాస్టరు గారు చేతులు తుడుచుకుని లేచారు. "బిరుదు వచ్చినవాళ్ళ మీద రానివాళ్ళకి కడుపుమంట సహజం," అన్నారు.

"నాకూ వచ్చింది కదండీ."

"నీకు ఎక్కడొచ్చింది? సైరుసికి వచ్చింది. దొంగపేరుతో సన్మానం చేయించుకున్నావు. ముప్ఫై ఏళ్ళు పరదేశుల్ని మోసం చేశానని నీ నోటితో నువ్వే ఒప్పుకున్నావు. ఇప్పుడు నువ్వు చెప్పేది నిజమని మేమెలా నమ్మాలి, ఇనోకే?"

ఆ తర్కానికి అందరూ తలలూపారు. ఇనోకేకి కూడా అది సబబుగానే తోచింది. కూర్చోబోతుంటే ఉనైసి పెద్దమ్మ అతని సులు అంచు పట్టుకుంది.

"నాయనా, నా పేరు కూడా పొట్టేనా?"

ఆమె ఒళ్ళో పలక ఉంది. వేలు 'ఉ' మీద ఉంది.

"పేరు నిజమే పెద్దమ్మా," అన్నాడు ఇనోకే. "పేరు బాగా చెక్కాడు."

సాయంత్రం దాకా హాలు వెనక కారు అక్కడే ఉంది. ఎవరూ పలక పట్టుకెళ్ళలేదు. ఇనోకే తన పలక పట్టుకెళ్తే, గీకింది చెల్లదన్నాడు సకియుసా, చాలా మర్యాదగా.

సువాలో దిగేసరికి విమానాశ్రయానికి మహిళా సంఘంవాళ్ళు పూలదండలతో వచ్చారు. పేపర్లో ఫొటో పడింది. ఫొటోలో పన్నెండు పలకలున్నాయి. కెలెరా, ఇనోకే అంచున ఖాళీ చేతులతో నిలబడ్డారు. పాపం ఆ మొగుడూపెళ్ళాలకి ఏమీ రాలేదని మార్కెట్లో చెప్పుకున్నారు. ఇనోకేని పాటల బృందంలో వెనక వరసకి మార్చారు.

మూడో రోజున సైరుసి చాప మీంచి తనంతట తనే లేచి వాళ్ళింటికొచ్చాడు. అదే ఒక వింత.

"బావా, నా పలకేదీ?"

"నీ పలకేంట్రా?"

"నా పేరుందట కదా. సిడ్నీలో మైకులో మూడుసార్లు పిలిచారట. నా పేరున్నది నాకివ్వక ఇంకెవరికిస్తావు?"

కెలెరా దుంపలబుట్ట మీద మూతగా పెట్టిన పలకని తీసి, దులిపి, తమ్ముడి చేతిలో పెట్టింది. సైరుసి గీకిన చోట బూటు పాలిష్ పూసుకున్నాడు. నెల తిరక్కుండా అతన్ని రెండు బళ్ళలో పిల్లలకి హస్తకళల గురించి మాట్లాడమని పిలిచారు. బాగానే మాట్లాడాడని విన్నారు.

ఇనోకే కొన్నాళ్ళు పాలిష్ మానేశాడు. తెల్లకత్తులే పట్టుకుని నిలబడి, మెత్తచెక్క అని ముందే చెప్పేవాడు. ఓడవాళ్ళు జాలిగా చూసి, పక్కవాడి దగ్గర నల్లకత్తి కొనుక్కుని వెళ్ళేవారు. మూడు ఓడలయ్యాక మళ్ళీ డబ్బా మూత తీశాడు.

గుడిలో పదమూడు పలకలూ ఒకచోట పెడితే బాగుంటుందని పాస్టరు గారికి ఆలోచన వచ్చింది. దానికో చట్రం కావాలి. చట్రం చెయ్యగలవాడు ఊళ్ళో ఇనోకే ఒక్కడే. శిల్ప శిరోమణిని అడిగితే నడుం నొప్పన్నాడు. ఇనోకే ఒప్పుకుని, మేనమామ దగ్గర అడిగి అసలైన వేసి చేవ తెచ్చి, పదిహేను రోజులు కూర్చుని చేశాడు. మేకు లేకుండా కూర్చిన చట్రం. ఎవరూ దాని వంక చూడలేదు. అందరూ అందులోని పలకల వంక చూశారు.

తర్వాత వానలు పట్టుకున్నాయి. సువా వాన సంగతి చెప్పేదేముంది, నెలకి నాలుగు పొడి రోజులు దొరికితే గొప్ప. రెండో నెలలో పాస్టరు గారి పలక మూల ఒకటి లేచింది. తర్వాత గానరత్నలు ఉబ్బారు. మూడో నెలకి పదమూడూ నానిన రొట్టెల్లా పొంగి చట్రంలో బిగుసుకుపోయాయి. 'ఆత్మల కాపరి'లో 'ఆత్మ' రెండుగా చీలింది. ఆదివారం ఉనైసి పెద్దమ్మ పాటకి ముందు చట్రం దగ్గరికెళ్ళి, తన పలక ఉబ్బుని చంటిపిల్ల జ్వరం చూసినట్టు చేత్తో తాకి వచ్చేది.

ఒక ఆదివారం ఆరాధన ముగిశాక పాస్టరు గారు ఇనోకేని పిలిచారు. ఆయన వెనక గుడి పెద్దలు, గానరత్నలు, సేవాభూషణలు గుంపుగా నిలబడ్డారు. కొంచెం ఎడంగా సైరుసి కూడా ఉన్నాడు, కోటులో.

"ఇనోకే, కొయ్య సంగతి నీకు తెలుసు కదా," అన్నారు పాస్టరు గారు. ఆయన కళ్ళు ఇనోకే కళ్ళని తప్పించుకుని చట్రం మీద వాలాయి. "ఇవి ఎందుకిలా అవుతున్నాయంటావు?"

ఇనోకే దగ్గరికెళ్ళి చూశాడు. పొట్టు బయటికే కనిపిస్తోంది. చిన్నపిల్లవాడికైనా కనిపిస్తుంది. వెనక్కి తిరిగి అందరి మొహాలూ చూశాడు. ఉనైసి పెద్దమ్మ రెండు చేతులూ జోడించి నిలబడి ఉంది. గుమ్మం దగ్గర కెలెరా గొడుగు విప్పబోతూ ఆగింది.

ఇనోకే గోడ మీద అరచెయ్యి ఆనించాడు. చాలాసేపు ఆలోచిస్తున్నట్టు ఉంచాడు.

"గోడలో తడి ఉందండీ," అన్నాడు.

గుంపంతా ఒక్కసారి ఊపిరి వదిలింది. "నేననుకుంటూనే ఉన్నాను," అన్నారు పాస్టరు గారు, ఇనోకే భుజం తట్టి. గోడ బాగుచెయ్యడానికి చందాలు మొదలుపెట్టాలని అక్కడికక్కడే తీర్మానించారు. ఇనోకేని మళ్ళీ ముందు వరసలోకి రమ్మన్నారు.

ఇంటికి నడుస్తుంటే వాన గొడుగు మీద దడదడలాడుతోంది.

"చందాకి నువ్వెంత రాశావు?" అంది కెలెరా.

"ఇరవై."

"పోనీలే," అంది కెలెరా గొడుగు అతని వైపు వంచుతూ. "గోడ మాత్రం నిజంగానే తడిగా ఉంది."